తడిచేతులు

మా వదినకి ఎవరింట్లోనైనా పళ్ళెంలో గింజలు కనిపిస్తే చాలు, మాట మాటగానే ఉంటుంది, చెయ్యి మాత్రం అటు పోతుంది. బియ్యమా, పెసలా, ఇంకేమైనానా అన్న పట్టింపు లేదు. పుచ్చువి ఈ పక్కకి, రాళ్ళు ఆ పక్కకి, బాగున్నవి మధ్యలోకి. ఒకసారి ఆసుపత్రి వరండాలో కూర్చుని, పక్కావిడ సంచి మూతి తెరిచి ఉంటే అందులో చెయ్యి పెట్టి ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ దొంగ, దొంగ అని అరిచింది. ఆ రోజు అన్నయ్య జ్వరానికి మందు తీసుకోకుండానే తల దించుకుని ఇంటికొచ్చేశాడు. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పి నవ్వించానో నాకే తెలియదు.

ఆ వేళ్ళకి ఆ అలవాటు ఎలా వచ్చిందని మాత్రం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది, అందరికీ తెలుసు.

మేముండే వైపు ఏడాదిలో ఎక్కువ భాగం వానే. వాన లేనినాడు చెమట. డబ్బాలో ఉప్పు నీరుకారుతుంది, మంచం కింద పెట్టిన చెప్పులకి బూజు పడుతుంది, అగ్గిపుల్ల గీస్తే విరుగుతుంది తప్ప వెలగదు. ఇలాంటి చోట పప్పుగింజని ఈ వానాకాలం నుంచి వచ్చే వానాకాలం దాకా దాచడమంటే మాటలు కాదు. మా అమ్మ దాస్తుంది. ఇంటి వెనక కంచె పొడుగునా అమ్మ వేసే అలసంద, మా నాయనమ్మ నాటి విత్తనం. గింజ చూడ్డానికి ముద్దొస్తుంది. మీగడ రంగు, కంటి చుట్టూ సన్నటి నల్ల గీత. కాయ తొక్క పల్చన. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే గింజలన్నీ ఒళ్ళో రాలతాయి. ఉడికితే నోట్లో కరిగిపోతుంది. ఆ గింజ అంటే అమ్మకి ఎంత గర్వమో, కన్నకొడుకులం మేమిద్దరం దాని తర్వాతే.

వదిన కాపురానికి వచ్చిన కొత్తలో, కాయలు ఒలిచి ఆరబోసే పని అమ్మ ఆవిడకి అప్పగించింది. తీరా ఎత్తేసరికి గింజల మీద గోధుమరంగు మచ్చలు, కొన్నిటికి తెల్లగా బూజు. అమ్మ అరవలేదు. మా అమ్మ అరిచే మనిషి కాదు, అరిస్తేనే నయం. మచ్చగింజని రెండు వేళ్ళతో తీసి, వెలుతురుకి పెట్టి చూసి, పళ్ళెం అంచు మీద పెట్టింది.

"నీవి తడిచేతులమ్మా" అంది. అంతే.

ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. ఉప్పు నీరుకారితే తడిచేతులు. రొట్టెకి బూజు పడితే తడిచేతులు. గోడ చెమర్చినా తడిచేతులే. నేను తక్కువ తిన్నానా? "వదినా, నా చొక్కా ఇంకా ఆరలేదు, నువ్వేమన్నా ముట్టుకున్నావా?" అనేవాణ్ణి. ఆవిడ నవ్వేది. నవ్వి, వెళ్ళి చేతులు తుడుచుకొచ్చేది. పొయ్యి దగ్గరికి వెళ్ళే ముందు తుడుచుకునేది, పిల్లాడికి పుస్తకం అందించే ముందు తుడుచుకునేది. విత్తనాల డబ్బా మూత మాత్రం అమ్మ తానే తీసేది, తానే బిగించేది. ఇద్దరు పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసిన వదిన, ఆ డబ్బా మూత మీద ఒక్కసారి చెయ్యి వెయ్యలేదు.

అందుకని ఏరడం నేర్చుకుంది. గింజలు ఎత్తగానే, అమ్మ కంటపడకముందే, మచ్చవన్నీ ఏరేసి కోళ్ళకి విసిరేసేది. మిగిలిన శుభ్రమైన గింజ చూసి అమ్మ ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే మా ఇంట్లో మెప్పు.

నేను పంటల పరిశోధన కేంద్రంలో ట్రాక్టరు నడుపుతాను. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక వదినకి ఇంట్లో పొద్దు పోవడం లేదంటే, నేనే చెప్పి అక్కడి విత్తనాల గదిలో పనిలో పెట్టించాను. అక్కడ ఆవిణ్ణి ఎవరూ తడిచేతులు అనలేదు. తెలిస్తే కదా అనడానికి. ఒలవడంలో, ఆరబోయడంలో, తూర్పారబట్టడంలో ఆవిడ ముందు ఎవరూ ఆగేవారు కాదు. నేను వదినా అని పిలుస్తానని కేంద్రంలో అందరూ వదినా అనే పిలిచేవారు. కొన్నాళ్ళకి నేనొకటి గమనించాను. అక్కడ ఆవిడ చేతులు తుడుచుకోకుండానే పని మొదలుపెట్టేది.

అలా ఉండగా కొత్త ఆఫీసరు వచ్చింది. మేడం అనేవాళ్ళం. సన్నగా, గాలికి ఊగేలా ఉండేది గానీ మాట మాత్రం మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. ఈ తేమకి తట్టుకునే అలసంద ఏదో తేల్చాలి, బయటనుంచి తెప్పించిన విత్తనాలు ఇక్కడ కుళ్ళిపోతున్నాయి, అసలు మీ ఇళ్ళ వెనక తరాలుగా వేసుకుంటున్న రకాలే పక్కపక్కన వేసి చూద్దాం అంది. అందరినీ ఇంటి విత్తనం తెమ్మంది. తీగవి, పొట్టివి, ఎర్రవి, నల్లవి, రకరకాలు వచ్చాయి. వదిన అమ్మని అడగడానికి రెండు రోజులు తటపటాయించింది. చివరికి నేనే అడిగాను. అమ్మ డబ్బా మూత తీసి, ఏరి ఏరి ముత్యాల్లాంటి గింజలు గుడ్డలో కట్టి ఇచ్చింది.

"దీని పేరేంటి?" అని మేడం అడిగింది.

"పేరేముందండీ, మా అత్తగారిది" అంది వదిన.

మా కేంద్రంలో మైకు అని పిలిచే కూలీ మనిషి ఒకడున్నాడు. గుసగుసలాడితే గేటు దాకా వినిపిస్తుంది. మడుల దగ్గర కర్రముక్కలు పాతి పేర్లు రాసేది వాడే. "అత్తగారు" అని రాసి పాతేశాడు. ఇక అక్కడ నుంచి చూడండి మా అవస్థ. మేడం మడుల వెంట నడుస్తుంటే వీడు ముందు నడుస్తూ గట్టిగా చెప్పేవాడు.

"మేడం, అత్తగారికి పేనుబంక పట్టిందండీ!"

చేలో ఉన్నవాళ్ళంతా నడుములు పట్టుకుని నవ్వేవారు. పేనుబంక అంటే కాండానికి నల్లగా పట్టే పురుగు. కానీ అత్తగారి తలలో పేలు ఎవరి కళ్ళముందు ఆడవు? మర్నాడు "అత్తగారు గాలికి పడిపోయిందండీ!" ఇంకోనాడు "అత్తగారు పూత రాల్చలేదండీ, గట్టిదే!" వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, వెంటనే అటూ ఇటూ చూసేది, అమ్మ ఎక్కడన్నా విందేమోనని. అమ్మ మైళ్ళ దూరంలో ఇంట్లో ఉంది.

కాయలు పండాక వదిన పని మొదలైంది. మేడం విత్తనాల గదికి వచ్చి, "ఏ మడివి ఆ మడిగా ఒలిచి, ఆరబెట్టి, శుభ్రంగా తెచ్చిపెట్టు. నేను గింజ చూసుకుంటాను" అని చెప్పి వెళ్ళింది.

శుభ్రంగా. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. ఒకదానిలో ఒకటి కలవకుండా, మట్టీ పొట్టూ లేకుండా అని మేడం ఉద్దేశం. మా ఇంట్లో పాతికేళ్ళు బతికిన మనిషికి శుభ్రమంటే అర్థం ఒక్కటే. వదిన ప్రతి మడి గింజనీ చేటలో పోసుకుని మచ్చలన్నీ ఏరేసింది. ఎర్రగింజలో చిటికెడు వచ్చాయి. నల్లదాంట్లో ఇంకాస్త. అత్తగారిని చేటలో పోసుకుంది. ఏరుతూనే ఉంది, ఏరుతూనే ఉంది, మచ్చలు తరగడం లేదు.

 ఒకే రేకు కప్పు కింద, ఒకే పట్టా మీద, ఒకే రెండు చేతులతో ఆరబోసింది అన్నిటినీ. ఎవరెవరి గింజలో బాగానే ఉన్నాయి. తన అత్తగారి గింజే పాడైంది. దీనికి మామూలు మనిషి ఏమనుకుంటాడు? గింజలోనే ఏదో ఉంది అనుకుంటాడు. మా వదినకి ఆ ఆలోచన దరిదాపుల్లోకి కూడా రాలేదు. అత్తగారి గింజని అనుమానించడమంటే అత్తగారిని అనుమానించడమే. ఆవిడ ఇంకొకటి అనుకుంది. నాకు లోపల్లోపల అత్తయ్య మీద కోపం ఉంది కాబోలు, నాకే తెలియకుండా అది చేతుల్లోంచి దిగి ఆవిడ గింజని పాడుచేస్తోంది కాబోలు అనుకుంది. ఇన్నేళ్ళూ తడి ఒక్కటే అనుకున్నాను, ఇది విషం అనుకుంది. ఈ మాట తర్వాత అన్నయ్యతో చెప్పి కుమిలికుమిలి ఏడ్చిందట. అన్నయ్య నాకు చెబుతూ సగంలో ఆపేశాడు.

ఏరిన మచ్చలన్నీ అన్నం డబ్బాలో పోసుకుని, ఇంటికి తెచ్చి, అమ్మ చూడకుండా కోళ్ళకి వేసేది. ఆ వానాకాలం మా కోళ్ళు కదలలేనంత బలిశాయి.

ఓ రోజు పక్క కేంద్రం నుంచి ఎవరో పెద్దలు వచ్చారు. మేడం వాళ్ళని విత్తనాల గదిలోకి తీసుకొచ్చింది. బల్లల వెనక కింద కూర్చుని వదిన చేట ఒళ్ళో పెట్టుకుని తన పని తాను చేసుకుంటోంది. మేడం వాళ్ళకి చెబుతున్న మాటలు చెవిన పడ్డాయి.

"చేలో పచ్చగా ఉంటే చాలదండీ. ఇక్కడ అన్నీ పచ్చగానే ఉంటాయి. గింజ మీద మచ్చలు, బూజు, కాయలోనే మొలకలు, ఇవెన్ని ఉన్నాయో చూస్తేనే ఏ రకం తడికి ఆగుతుందో తెలుస్తుంది. అందుకే గింజని ఏరనివ్వం. ఉన్నదున్నట్టు తీసుకుంటాం. నాకు కావలసింది ఆ మచ్చగింజలే."

వదిన చెయ్యి ఆగిపోయింది. వేళ్ళ మధ్య మచ్చగింజ ఉంది. దాన్ని చేటలోకి వదలాలో, డబ్బాలోకి వదలాలో తెలియలేదు. పెద్దలు వెళ్ళేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ట్రాక్టరు మీద నా సీటు వెనక నిలబడి ఇంటికి వస్తూ, ఇంజను చప్పుడులో నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"అబ్బాయ్, ఏరడం తప్పా?"

"దొరికిపోతే తప్పు వదినా" అన్నాను, ఆసుపత్రి వరండా గుర్తొచ్చి. నా వెటకారం నాది. ఆవిడ ముఖం ఎలా ఉందో వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడే వెళ్ళి మేడంతో చెప్పి ఉండాల్సింది. రెండుసార్లు గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిందట. చెబితే అత్తగారి గింజని పాడుచేశానని నలుగురిలో ఒప్పుకోవాలి, అది ఆ పూటే ఇంటికి చేరుతుంది. రెండో కోతకి మిగతా రకాలన్నీ ఏరకుండా, ఉన్నవున్నట్టు తీసుకెళ్ళి ఇచ్చింది. అత్తగారిని మాత్రం అలా ఇవ్వలేకపోయింది. తెలిసి తెలిసీ, ఒంటరిగా కూర్చుని, అందాకా ఏరినదానికన్నా శ్రద్ధగా ఏరింది. తెలియక చేసింది పొరపాటు. ఇది పొరపాటు కాదు, ఆ సంగతి ఆవిడకి మనందరికన్నా బాగా తెలుసు. అన్నం సహించేది కాదు. మేడం పలకరిస్తే నేల చూపులు చూసేది.

అనుకున్నంతా అయింది. తూకంలో కాస్త తగ్గినా గింజ నాణ్యంలో అత్తగారిని మించింది లేదని తేలింది. మచ్చ అన్నది లేదు. మేడం సంతోషానికి హద్దుల్లేవు. పైవాళ్ళకి రాసేసింది. వచ్చే వానకి చుట్టుపక్కల రైతులందరికీ ఆ విత్తనమే పంచుతామని చెప్పింది. మైకు సంగతి చెప్పక్కర్లేదు. వాడికి తెలిస్తే లోకానికి తెలిసినట్టే.

మా ఇంట్లో ఆ రోజు అమ్మని చూడాలి. నడక మారిపోయింది. పొరుగువాళ్ళు వచ్చి పలకరిస్తుంటే, "ఆ, ఏముందిలే, మామూలు గింజే" అంటూ డబ్బా తెచ్చి చూపించేది. వదిన చెల్లెలు కూడా వచ్చింది. ఆమెకి కొండవాలున ఓ చిన్న పొలం చెక్క ఉంది. మొగుడు నడుం పడిపోయి మంచంలో ఉంటే, ఆ చెక్కలో ఎర్ర అలసంద వేసి, అమ్ముకుని ఇల్లు గడుపుకొస్తోంది.

"అక్కా, ఈసారి మొత్తం మీ విత్తనమే వేస్తాను" అంది. "మా ఎర్రది ఎవడికి కావాలి, నాలుగు విజిల్స్ వచ్చినా ఉడకదు. రేపో మాపో ఆ పాత విత్తనం కూడా వండేస్తా."

వదిన గ్లాసు కింద పెట్టబోతే చెయ్యి తప్పింది. అది దొర్లి నీళ్ళన్నీ ఒలికాయి. తుడవడానికి వంగితే అమ్మ ఆపింది. అమ్మ ముఖంలో నవ్వు నేను ఎప్పుడూ చూడనిది.

"పోనీలే, నీళ్ళేగా" అంది. తర్వాత, చెల్లెలు వింటుండగానే, "ఈసారి బాగా ఆరబెట్టావమ్మా. ఇన్నాళ్ళకి నీ చేతులు ఆరాయి" అంది.

ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆ మాట కోసం. వచ్చినప్పుడు చూడండి ఎలా వచ్చిందో. వదిన అక్కడ నిలబడలేకపోయింది. పెరట్లోకి వెళ్ళి, కోళ్ళ గూడు పక్కన కూలబడింది. అన్నయ్య వెతుక్కుంటూ వెళ్ళాడు. అప్పుడు చెప్పింది మొత్తం.

అన్నయ్య ఆవిడ తల నిమిరి, "అయిపోయిందేదో అయిపోయింది, ఊరుకో" అన్నాడట. నాతో చెబితే నేనూ అదే అన్నాను. అంతకన్నా గట్టిగానే అన్నాను. "వదినకి పిచ్చి పట్టిందా? ఇప్పుడు నోరు తెరిస్తే మేడం పరువు పోతుంది, అమ్మ పరువు పోతుంది, పనిలో పెట్టించినందుకు నా పరువూ పోతుంది. కాస్త నోరు మూసుకోమను" అన్నాను. అన్నయ్య తల ఊపాడు. ఇంటికి ఇద్దరు మగవాళ్ళం, ఇద్దరం కలిసి ఆవిడ నోరు మూయించామని నిశ్చింతగా ఉన్నాం.

విత్తనం పంచే రోజు కేంద్రంలో పెద్ద రేకుల షెడ్డు కడిగి కుర్చీలు వేశారు. బయట సన్నగా జల్లు. రైతులు గొడుగులు ముడిచి గోడకి ఆనించి కూర్చున్నారు. ముందు వరసలో మా అమ్మ, ఇస్త్రీ మడత నలగకుండా నిటారుగా. బల్ల మీద విత్తనం పొట్లాలు పేర్చి ఉన్నాయి. మైకు చేతికి నిజంగానే మైకు ఇచ్చారు, ఇవ్వాల్సిన అవసరం లేకపోయినా.

"మొదటి స్థానం... అత్తగారు!"

నవ్వులు, చప్పట్లు. మేడం అమ్మ దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది. తర్వాత వదినని పిలిచి, "మీ ఇంటి విత్తనం, మీ చేతుల మీదుగా ఇస్తేనే బాగుంటుంది" అంది.

వదిన బల్ల దగ్గరికి నడిచింది. నడిచిందనడమే గానీ, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది.  వరసలో మొట్టమొదట నిలబడింది చెల్లెలే. వదిన పొట్లం తీసి చాపింది. చెల్లెలు పట్టుకుంది. వదిన వదల్లేదు.

"వదులక్కా" అంది చెల్లెలు నవ్వుతూ. వెనక ఎవరో, "అత్తగారిని వదిలి ఉండలేదు కాబోలు" అన్నారు. షెడ్డంతా గొల్లున నవ్వింది.

"వండేశావా?" అని అడిగింది వదిన.

"ఏంటి?"

"మీ ఎర్ర విత్తనం. వండేశావా?"

"లేదు, రేపు..."

"వండకు."

అని, పొట్లం లాక్కుని బల్ల మీద పెట్టేసింది. మేడం వైపు తిరిగింది. మాట అందరికీ వినబడింది.

"నేను ఏరేశానండీ. మీరు వద్దన్నారని తెలిశాక కూడా ఏరాను. మిగతావి వదిలేసి, మాది ఒక్కటే ఏరాను. మచ్చలుండేవి. చాలా ఉండేవి. గింజ తప్పు కాదండీ, మా అత్తయ్య గింజ బంగారం. నావి తడిచేతులు. నేను పాడుచేసి, నేనే దాచిపెట్టాను."

నేను ట్రాక్టరు తాళంచెవి జేబులో తిప్పుకుంటూ గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. అక్కణ్ణుంచి ఎటైనా పారిపోవాలనిపించింది. మేడం ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. ఆవిడ పైవాళ్ళకి రాసేసింది కదా. పక్క కేంద్రం పెద్దలు ముందు వరసలోనే ఉన్నారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. మేడం తిడుతుందనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని, మెల్లగా అడిగింది.

"ఏరినవి ఎక్కడున్నాయి?"

"కోళ్ళకి వేసేశానండీ."

"ఒక్కటీ లేదా?"

"లేదండీ."

"మరి ఎంత వచ్చేవో గుర్తుందా? చేటకి ఎంత?"

వదిన లెక్కలు చెప్పగల మనిషి కాదు. కుడిచెయ్యి ఎత్తింది. "మొదటి కోతలో అన్నీ ఏరానండీ. ఎర్రదానికి చేటకి ఇంత" అని బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెడు చూపించింది. "నల్లదానికి ఇంత" అని పిడికిలి పట్టింది. "పొట్టిదానికి చారెడు" అని అరచెయ్యి గుంటచేసి పట్టింది.

"అన్నీ ఒక్క చోటే ఆరబోశావా?"

"ఒక్క పట్టా మీదేనండీ."

"నువ్వే ఆరబోశావా అన్నిటినీ?"

"నేనేనండీ. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"మరి మీ అత్తగారిదానికి?"

 అమ్మ కూర్చున్న వైపు చూడకుండా ఉండడానికి వదిన తల పూర్తిగా కిందికి దించేసింది. రెండో చెయ్యి కూడా పైకి వచ్చింది. రెండు అరచేతులూ పక్కపక్కన చేర్చి, అంచులు కలిపి, దోసిలి పట్టింది. అందరి ముందూ ఖాళీ దోసిలి పట్టి అలాగే నిలబడింది.

ఎవరూ నవ్వలేదు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా గింజ పండించే మనుషులే. అవే చేతులు, అదే పట్టా, ఒకదానికి చిటికెడు, ఇంకోదానికి దోసెడు. ఇక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. మేడం మాత్రం, ఎవరితోనో కాక తనలో తాను అనుకుంటున్నట్టు, "తొక్క పల్చన. తడి కాయలోకే దిగిపోతుంది. కోసే వేళకే పాడై ఉంటుంది" అంది. అని, బల్ల మీద పొట్లాలు ఒక్కొక్కటే వెనక్కి పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. చెల్లెలు వరసలోంచి పక్కకి జరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వదిన దోసిలి దించలేదు. దించడం మరిచిపోయిందో, దించితే ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదో.

అప్పుడు మా అమ్మ లేచింది. వెళ్ళిపోతోంది అనుకున్నాను. వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. అమ్మ బల్ల దగ్గరికి నడిచి, వదినకి ఎదురుగా నిలబడింది. ఇస్త్రీ మడతల్లో అంత నిటారుగా కూర్చున్న మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయినట్టు కనిపించింది.  మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, వెనక వరసలవాళ్ళు ముందుకి వంగారు.

"నాకూ దోసెడే వచ్చేవి" అంది. "చేటకి దోసెడు. మా అత్త చూడకుండా దొడ్లో గొయ్యి తీసి పాతిపెట్టేదాన్ని."

వదిన తలెత్తలేదు.

"ఆవిడ నన్నూ అదే మాట అనేది. తడిచేతులదానా అని. చచ్చేదాకా అంది." అమ్మ తన అరచేతులు చూసుకుంది. "నా చేతులేనేమో అనుకున్నాను. నువ్వొచ్చాక నీకూ అలాగే వస్తే, హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు అనుకున్నాను. అనుకుని నిన్నన్నాను."

రేకుల మీద జల్లు పెద్దదైంది.  వదిన అరచేతులు విడిపోలేదు. అమ్మ వాటి వంక చూడలేక ముఖం పక్కకి తిప్పుకుంది.

"దించవే" అంది. "నీ పుణ్యముంటుంది, ఆ చేతులు దించు."